ఆల్బర్ట్ కింగ్ బ్లూస్: అపోహలు - వాస్తవాలు

గిటార్ పాఠాల్లో బ్లూస్ దగ్గరికి రాగానే నేను వినిపించేది అమెరికన్ బ్లూస్ గిటారిస్టు, గాయకుడు ఆల్బర్ట్ కింగ్‌నే. ఆయన గురించి తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: రాక్, సోల్ కలిపేసరికి ఆయన బ్లూస్ పలచబడింది.

గిటార్ ఒక్కటే పట్టుకుని వింటే ఆయన కలిపిందేమీ లేదనిపిస్తుంది. 1966లో మెంఫిస్‌లోని స్టాక్స్ రికార్డు కంపెనీకి వచ్చేనాటికే ఆయనకు నలభై దాటాయి, వాయించే తీరు కుదురుకుంది. మారింది వెనకున్న బ్యాండ్. డ్రమ్స్‌పై అల్ జాక్సన్, బేస్‌పై డక్ డన్, రిథమ్ గిటార్‌పై స్టీవ్ క్రాపర్: ఒటిస్ రెడింగ్ సోల్ పాటలకు వాయించింది వీళ్లే. ‘బార్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్’ రాసింది కూడా అక్కడి బుకర్ టి. జోన్స్, సోల్ గాయకుడు విలియం బెల్. అందులో బ్లూస్‌కి మామూలైన పన్నెండు బార్ల (తాళావర్తాల) కార్డ్ వరస కనిపించదు. చాలాభాగం ఒకే కార్డ్, కింద మళ్లీ మళ్లీ వచ్చే చిన్న బేస్ ముక్క (రిఫ్). ‘క్రాస్‌కట్ సా’ పాత బ్లూస్ పాటే అయినా జాక్సన్ దాని కింద లాటిన్ తరహా తాళం నడిపాడు. వీటన్నిటి మీదా ఆల్బర్ట్ వాయించేది తన పాత నాలుగు ముక్కలే! నా విద్యార్థులు ఆ ముక్కలు కంఠతా పడతారు, డ్రమ్స్ మాత్రం వినరు.

అపోహ: 1967 నాటి ‘బార్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్’ ఆల్బమ్ ఒక్క ఊపులో ప్లాన్ చేసి తీసింది.

కాదు. అంతకు ముందు విడివిడిగా వచ్చిన సింగిల్సే అందులో ఎక్కువ.

అపోహ: రాక్ వాళ్లను చూసి ఆయన మారాడు.

ముందు జరిగింది దీనికి తిరగేసి. బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్రీమ్ పాట ‘స్ట్రేంజ్ బ్రూ’లో ఎరిక్ క్లాప్టన్ సోలో వినండి, ఆల్బర్ట్ ‘ఓ, ప్రెటీ వుమన్’ అచ్చు దిగిపోయి ఉంటుంది. రాక్ కుర్రాళ్లు ఆయన కోసం వచ్చింది 1968లో, శాన్‌ఫ్రాన్సిస్కో ఫిల్‌మోర్ హాల్‌కి. ‘లైవ్ వైర్/బ్లూస్ పవర్’ అక్కడి రికార్డింగే. 1971లో ‘లవ్‌జాయ్’లో ఆయన రోలింగ్ స్టోన్స్ పాట పాడిన మాట నిజం. అది నాకంతగా ఎక్కదు. మరుసటి ఏడు బార్-కేస్ బ్యాండ్‌తో చేసిన ‘ఐ విల్ ప్లే ద బ్లూస్ ఫర్ యూ’ ముందు వినండి.

అపోహ: ఆయన మరో బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్‌కు తమ్ముడు.

బంధుత్వమే లేదు. పైగా ఆల్బర్ట్ రెండేళ్లు పెద్ద. ఈ పుకారు పుట్టించడంలో ఆయన చెయ్యి కూడా ఉందిలెండి.

అపోహ: ఆయన బెండ్‌లు (తీగను పక్కకి లాగి స్వరం పెంచడం) రావాలంటే గిటార్ తిరగేసి పట్టుకోవాలి.

ఆయన ఎడమచేతివాటం. తీగలు మార్చకుండానే గిటార్ తిప్పి పట్టుకునేవాడు కాబట్టి సన్న తీగ పైకి వచ్చేది. మనం పైకి తోసేదాన్ని ఆయన కిందికి లాగేవాడు. ట్యూనింగ్ కూడా మామూలు పిచ్ కంటే బాగా దించేవాడు, అందుకే తీగ అంత దూరం సాగేది. పిక్ లేదు, బొటనవేలే. వీణ మీద తీగ లాగి గమకం పలికించినట్టు, ఒకే ఫ్రెట్ (మెట్టు) మీద రెండు మూడు స్వరాలు తీసేవాడు. మామూలు గిటార్ మీద దీనికి దగ్గరగా రావాలంటే అన్ని తీగలూ కనీసం ఒక స్వరం దించండి, పిక్ పక్కన పెట్టండి, బెండ్ చేరాల్సిన స్వరాన్ని ముందు పై ఫ్రెట్ మీద వాయించి విని, అప్పుడు లాగండి.