ట్రిప్టోఫాన్ ఏ తూములోంచి పోతోంది? చిట్టెలుకలు చెప్పిన సంగతి

"ట్రిప్టోఫాన్ మాత్రలు వేసుకుంటే డిప్రెషన్ తగ్గుతుందా అండీ?" అని ఒక పాఠకుడు అడిగారు. ఆయన అలా అనుకోవడంలో తప్పేం లేదు, ఎందుకంటే క్లాసులో మనకి చెప్పేది ఒక్క లైనే కదా, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి సెరటోనిన్ వస్తుంది, సెరటోనిన్ ఉంటే మనసు బాగుంటుంది, పరీక్షలో రెండు మార్కులు, అయిపోయింది. అసలు కథ ఆ లైన్‌లో లేనే లేదు. ప్రోటీన్ల తయారీకి వాడుకున్నది పోగా ఒంట్లో ఖర్చయ్యే ట్రిప్టోఫాన్‌లో సుమారు 95 శాతం సెరటోనిన్ మొహమే చూడదు, కైన్యురెనిన్ అనే ఇంకో పదార్థం అయిపోతుంది.

ఒక కాలవకి రెండు తూములున్నాయనుకోండి. చిన్న తూము సెరటోనిన్‌ది, పెద్దది కైన్యురెనిన్‌ది. మామూలు రోజుల్లో పెద్ద తూముని చూసుకునేది లివర్‌లో ఉండే టీడీఓ అనే ఎంజైమ్. ఇన్ఫెక్షన్ వచ్చిందంటే మాత్రం రోగనిరోధక కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే హెచ్చరిక ప్రోటీన్‌ని వదులుతాయి, దాంతో లివర్ బయట చాలాచోట్ల ఐడీఓ అనే మరో ఎంజైమ్ లేచి కూర్చుని పెద్ద తూము తలుపు ఇంకా పైకి ఎత్తేస్తుంది. ఎందుకయ్యా అంటే, శత్రువుకి నీళ్ళు అందకుండా చెయ్యడానికి! 1984లో ఫెఫర్‌కార్న్ అనే శాస్త్రవేత్త చూపించింది ఇదే, ఇంటర్‌ఫెరాన్ గామా తగిలిన మనిషి కణాలు తమ ట్రిప్టోఫాన్‌ని తామే నాశనం చేసుకుంటాయి, లోపల దూరిన టాక్సోప్లాస్మా పరాన్నజీవి తిండి లేక పెరగడం మానేస్తుంది. అద్భుతమైన ఎత్తు. కాకపోతే తూములోంచి పోయిన నీళ్ళు ఎక్కడో ఒకచోట తేలాలిగా.

తేలిన చోటు మెదడు. 2009లో ఓకానర్, డాంట్జర్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ళ బృందం, ఇన్ఫెక్షన్ వచ్చిందని ఒళ్ళు అనుకునేలా, చిట్టెలుకలకి బాక్టీరియా గోడలోని ఎల్‌పీఎస్ అనే పదార్థం ఎక్కించారు. మొదట ఎలకలు జబ్బుపడ్డట్టు ముడుచుకుని పడుకున్నాయి. 24 గంటలకి మామూలుగానే తిరుగుతున్నాయి, కానీ తోక పట్టి వేలాడదీసినా, నీళ్ళలో వేసినా తొందరగా గింజుకోవడం మానేస్తున్నాయి. (ఎలకకి డిప్రెషన్ ఉందో లేదో దాన్ని అడగలేం కదా, అందుకే ఈ పరీక్షలు, ఈత పరీక్ష 1977 నుంచీ ఉంది. కదలకపోవడం అంటే ఆశ వదులుకోవడమేనా, ఓపిక దాచుకోవడమా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, అందుకే పేపర్లలో "డిప్రెషన్ లాంటి ప్రవర్తన" అని రాస్తారు, మన వార్తల్లోకి వచ్చేసరికి ఆ "లాంటి" కాస్తా ఎగిరిపోతుంది.)

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. ఐడీఓని ఆపే 1-మిథైల్ ట్రిప్టోఫాన్ అనే మందు ముందే ఇచ్చిన ఎలకల్లో ఈ మార్పు రాలేదు. మరి సెరటోనిన్ తగ్గకుండా కాపాడినందుకా? కాదు! ఎల్‌పీఎస్ వల్ల మెదడులో సెరటోనిన్ వాడకం తగ్గలేదు సరికదా పెరిగింది, మందు ఇచ్చినా అది అలాగే ఉంది, మారింది కైన్యురెనిన్‌కీ ట్రిప్టోఫాన్‌కీ ఉన్న నిష్పత్తి ఒక్కటే. పైగా ఏ జబ్బూ లేని ఎలకలకి ఉత్త కైన్యురెనిన్ ఇస్తే అవీ గింజుకోవడం తగ్గించాయి, డోసు పెరిగేకొద్దీ ఇంకా. అంటే చిన్న తూము ఎండిపోవడం కాదు, పెద్ద తూము పొంగడమే గొడవ.

కైన్యురెనిన్ రక్తంలోంచి మెదడులోకి దర్జాగా వెళ్ళిపోతుంది. అక్కడ మైక్రోగ్లియా కణాలు (మెదడులోని రోగనిరోధక కణాలు) కేఎంఓ ఎంజైమ్ సాయంతో మొదలుపెట్టి దాన్ని క్వినోలినిక్ ఆమ్లం దాకా తీసుకెళ్తాయి, అది న్యూరాన్ల మీద సంకేతాలు అందుకునే ఎన్ఎండీఏ రిసెప్టర్లని రెచ్చగొట్టి న్యూరాన్లని అలిసిపోయేలా చేస్తుంది. న్యూరాన్లకి తోడుగా ఉండే ఆస్ట్రోసైట్లు అనే కణాలు మాత్రం కేఏటీ ఎంజైములతో కైన్యురెనిక్ ఆమ్లం చేస్తాయి, ఇది అదే రిసెప్టర్‌ని అడ్డుకుంటుంది. ఒకే పదార్థం, పక్కపక్క కణాలు, పూర్తిగా ఎదురెదురు పనులు!

2014లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఇంకో తమాషా బయటపెట్టారు. కండరాల్లో పీజీసీ-1ఆల్ఫా1 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే ఎలకల్ని తయారుచేశారు, ఇది వ్యాయామం చేస్తే పెరిగే ప్రోటీన్. వీటిని వారాల తరబడి చిన్నచిన్న ఇబ్బందులు పెట్టినా మామూలు ఎలకల్లా డీలా పడలేదు. కారణం ఏంటంటే, వీటి కండరాల్లో కేఏటీ ఎంజైములు దండిగా ఉండి, దారిలో వచ్చే కైన్యురెనిన్‌ని అక్కడే కైన్యురెనిక్ ఆమ్లంగా మార్చేస్తున్నాయి. ఆ ఆమ్లం రక్తం నుంచి మెదడులోకి దాటలేదు. పొంగిన నీళ్ళు ఊళ్ళోకి రాకముందే దారిలో చెరువు తవ్వినట్టు, ఆ చెరువు కండరం. వ్యాయామం చేసిన మనుషుల కండరాల్లో కూడా ఈ ఎంజైములు పెరిగాయని అదే పేపర్లో ఉంది.

ఇక మాత్రల సంగతి. పెద్ద తూము ఎత్తి ఉన్నప్పుడు కాలవలోకి ఇంకాస్త నీళ్ళు వదిలితే ఎటు పోతాయో మీరే చెప్పండి. పైగా మెదడు గుమ్మం దగ్గర ట్రిప్టోఫాన్, ల్యూసిన్, వాలిన్, టైరోసిన్ లాంటివన్నీ ఒకే రవాణా ప్రోటీన్ కోసం తోసుకుంటాయి, కాబట్టి తిన్నదంతా లోపలికి పోదు. "ఫలానాది తింటే హ్యాపీ హార్మోన్" అనేది సైన్స్ బట్టలేసుకున్న మూఢనమ్మకం, నా ఉద్దేశంలో. 1989లో అమెరికాలో కల్తీ పదార్థాలు కలిసిన ట్రిప్టోఫాన్ మాత్రల వల్ల వందలమందికి ఈఎంఎస్ అనే, కండరాలు విపరీతంగా నొప్పెట్టే జబ్బొచ్చింది, కొందరు చనిపోయారు కూడా. డిప్రెషన్‌కి ఎస్ఎస్ఆర్ఐ మందులు (మెదడులో సెరటోనిన్ ప్రభావం పెంచేవి) వాడుతున్నవాళ్ళు ట్రిప్టోఫాన్ కూడా కలిపి వేసుకుంటే సెరటోనిన్ మరీ ఎక్కువై ప్రమాదం అవ్వచ్చు, డాక్టర్‌ని అడక్కుండా దాని జోలికి పోకండి.