బ్రిటిష్ పౌరసత్వం: మా టేబుల్ దగ్గర రోజూ వినే అపోహలు

అమీర్‌పేటలో యూకే వీసా, పౌరసత్వం కాగితాల పని మొదలుపెట్టి పన్నెండేళ్ళయింది. ఈలోపు రూల్స్ ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు, మా ఎదురు కుర్చీలో వినపడే మాటలు మాత్రం అవే.

అపోహ: అక్కడ పుడితే చాలు, సిటిజనే.

ఒకావిడ పాప బర్త్ సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించి మరీ తెచ్చారు (దయచేసి ఆ పని చేయకండి). లెస్టర్‌లో కాన్పు. అప్పటికి ఆవిడది స్టూడెంట్ వీసా, భర్తది డిపెండెంట్. అమెరికా లెక్క మనకు అలవాటైపోయింది గానీ, బ్రిటన్‌లో 1983 జనవరి 1 నుంచి పుట్టుక ఒక్కటే సరిపోదు. బిడ్డ పుట్టేనాటికి అమ్మానాన్నల్లో ఒక్కరైనా అక్కడి పౌరులై ఉండాలి, లేదా ఐఎల్ఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి (మనవాళ్ళు పీఆర్ అనేది), వచ్చి ఉండాలి. ఇది చెప్పాక ఆవిడ సర్టిఫికెట్ తిప్పి వెనకవైపు చూశారు, అక్కడేమైనా రాసుంటుందేమోనని. పుట్టిన దగ్గర్నుంచి పదేళ్ళు అక్కడే పెరిగిన పిల్లలకు రిజిస్టర్ చేయించుకునే హక్కుంది, కానీ వీళ్ళు పాపకు పదో నెల రాగానే వచ్చేశారు.

అపోహ: తాతగారు బ్రిటిష్‌వాళ్ళ కాలంలో పుట్టారు, మాకూ ఏదో హక్కు ఉంటుంది.

లేదండీ. గుంటూరులో పుట్టిన తాత అప్పట్లో బ్రిటిష్ సబ్జెక్టే, నిజమే. వరంగల్ తాతకు అదీ లేదు, ఆయన నిజాం ప్రజ. ఇద్దరూ తర్వాత భారత పౌరులయ్యారు, ఆ కథ అక్కడితో సరి.

అపోహ: బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉందంటే బ్రిటన్‌లో ఉండొచ్చు.

బయటినుంచి చూసే మనకు ఇది వినడానికే వింతగా ఉంటుంది, అందుకే కాస్త వివరంగా చెబుతా. బ్రిటిష్ జాతీయత ఒకటి కాదు, ఆరు రకాలు. కెన్యా స్వాతంత్య్రం వచ్చాక అక్కడి భారతీయుల్లో చాలామంది బ్రిటిష్ పాస్‌పోర్టులే ఉంచుకున్నారు, ఉద్యోగాలకీ వ్యాపారాలకీ ఎసరు రాగానే బ్రిటన్‌కి బయల్దేరారు. 1968లో పార్లమెంటు మూడు రోజుల్లో చట్టం చేసేసింది: తామో, తల్లిదండ్రుల్లోనో తాతల్లోనో ఒకరో అక్కడ పుట్టినవాళ్ళయితేనే నేరుగా రానిస్తామని. చట్టంలో రంగు మాట ఎక్కడా లేదు, కానీ నైరోబీలో ఉన్న గుజరాతీ కుటుంబంలో ఎవరి తాత లండన్‌లో పుట్టి ఉంటాడు చెప్పండి? పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని ఎయిర్‌పోర్టులో ఆగిపోయినవాళ్ళున్నారు. హాంకాంగ్‌వాళ్ళదీ ఇలాంటి గొడవే. 1997లో చైనాకి అప్పగించే ముందు వాళ్ళకు బీఎన్ఓ అని ఒక పాస్‌పోర్ట్ ఇచ్చారు, దాంతో బ్రిటన్‌లో ఉండే హక్కు మాత్రం ఇవ్వలేదు. వాళ్ళకోసం ప్రత్యేక వీసా దారి తెరిచింది 2021 జనవరి 31న.

అపోహ: ఇంగ్లండ్, బ్రిటన్ ఒకటే.

క్రికెట్ వల్ల వచ్చిన తంటా. ఆ టీమ్‌ని నడిపే బోర్డు పేరులోనే వేల్స్ కూడా ఉంది. ఫుట్‌బాల్‌కి నాలుగు టీమ్‌లు, ఒలింపిక్స్‌కి ఒకటే. ఇంగ్లండ్ పాస్‌పోర్ట్, స్కాట్లండ్ పాస్‌పోర్ట్ అంటూ విడివిడిగా ఉండవు. ఉత్తర ఐర్లండ్‌లో పుట్టి, అమ్మానాన్నల్లో ఒకరైనా బ్రిటిష్ లేదా ఐరిష్ పౌరులైతే, అక్కడి గొడవలు ఆపడానికి చేసుకున్న 1998 ఒప్పందం ప్రకారం బ్రిటిష్ అనో, ఐరిష్ అనో, రెండూ అనో చెప్పుకోవచ్చు. గ్లాస్గోలో ఎవర్నైనా ఇంగ్లీషువాడని పిలిచి చూడండి, తెలుస్తుంది.

అపోహ: సంబంధం బ్రిటిష్ సిటిజన్‌ది, పెళ్ళయితే అమ్మాయికీ వచ్చేస్తుంది.

పెళ్ళితో వచ్చేది వీసా. ఐఎల్ఆర్‌కి ఈ దారిలో మామూలుగా ఐదేళ్ళు, ఆ తర్వాతే పౌరసత్వానికి అప్లై. ఇంగ్లిష్ పరీక్ష, బ్రిటన్ చరిత్ర, జీవనం మీద 24 ప్రశ్నలు 45 నిమిషాల టెస్ట్ (18 రైటవ్వాలి), చివర్లో రాజుగారి పేరు మీద ప్రమాణం. ఆ బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్న క్షణం నుంచి మన పౌరసత్వం పోతుంది, భారత పాస్‌పోర్ట్ సరెండర్ చేయాల్సిందే. విదేశీ పౌరులైపోయిన మనవాళ్ళకు భారత్ ఇచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. దాంతో ఇక్కడ ఓటు ఉండదు, పొలం కొనడానికీ లేదు. నాన్నగారి పొలం వారసత్వంగా వస్తే ఇబ్బంది లేదు.

అపోహ: సిటిజన్ కాకపోతే అక్కడ ఓటుండదు.

ఇది అపోహ అంటే ఎవరూ నమ్మరు. కామన్వెల్త్ దేశాలవాళ్ళు సరైన వీసాతో అక్కడ నివసిస్తుంటే పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటేయొచ్చు, భారతీయ విద్యార్థులతో సహా. ఇరవై ఏళ్ళుగా లండన్‌లో ఉన్న ఫ్రెంచ్ పౌరుడికి ఆ ఓటు లేదు. మేం పంపిన ఖమ్మం కుర్రాడొకడు 2024 జులై 4న బర్మింగ్‌హామ్‌లో ఓటేసి ఇంటికి ఫోన్ చేశాడట. వాళ్ళమ్మగారు వెంటనే అందుకున్నారు: "మే నెలలో ఇక్కడ ఓటేయడానికి రమ్మంటే టికెట్ రేటెక్కువన్నావు కదరా."