పేరు దాచితే మనిషి దాగినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

డిజిటల్ ప్రైవసీ నా వృత్తి. మారుపేరుతో రాసేవాళ్ల దగ్గర తరచుగా వినే మాటలివి.

అపోహ: అసలు పేరు, ఫొటో పెట్టకపోతే నన్నెవరూ గుర్తుపట్టలేరు.

వాస్తవం: 2006 ఆగస్టులో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ సంస్థ పరిశోధకుల కోసమని దాదాపు 6,50,000 మంది ఇంటర్నెట్‌లో ఏమేం వెతికారో బయటపెట్టింది. పేర్లు తీసేసి నంబర్లు ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబరు వెనకున్న మహిళ ఎవరో కనిపెట్టేశారు. ఆవిడ వెతికిన ఊరి పేరు, ఒక ఇంటిపేరు, ఒంట్లో నలతల గురించిన ప్రశ్నలు కలిపి చూస్తే సరిపోయింది. విడివిడిగా ఏ ఒక్కటీ ఆవిడను పట్టివ్వలేదు.

మనమూ అలాగే రాస్తుంటాం. ఒకరోజు పుట్టినరోజు సంగతి, ఇంకోరోజు ఆఫీసు గొడవ, మరోసారి పిల్లల స్కూలు ముచ్చట. వాటికి తోడు పదేళ్ల కిందటి యూజర్‌నేమే అన్నిచోట్లా. నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదం ఆ పాత యూజర్‌నేమే.

అపోహ: ఇన్‌కాగ్నిటోలో (బ్రౌజర్‌లోని ప్రైవేట్ మోడ్‌లో) ఉన్నాను కదా, నన్నెవరూ చూడలేరు!

వాస్తవం: అది మీ ఫోన్‌లో హిస్టరీ మిగలకుండా చూస్తుంది, అంతే. మీ ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే నంబరు, వెబ్‌సైట్‌కు తెలుస్తూనే ఉంటుంది. పోనీ వీపీఎన్ (మన కనెక్షన్‌ను వేరే కంపెనీ సర్వర్ మీదుగా పంపే సేవ) వాడితే మీరు ఏయే సైట్లకు వెళ్తున్నారో ఇంటర్నెట్ కంపెనీకి బదులు వీపీఎన్ కంపెనీ చూడగలుగుతుంది.

అపోహ: అందరూ అసలు పేర్లతోనే రాయాలని రూలు పెడితే వేధింపులు ఆగిపోతాయి.

వాస్తవం: దక్షిణ కొరియా 2007లో పెద్ద సైట్లలో రాసేవాళ్లు గుర్తింపు రుజువు చేసుకోవాలని చట్టం తెచ్చింది. 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. చట్టవిరుద్ధమైన రాతలు చెప్పుకోదగ్గంత తగ్గలేదని కూడా చెప్పింది. గుర్తింపు వివరాలు ఒకచోట పోగుపడితే దొంగతనం భయమూ ఉంటుంది: అంతకు ముందు ఏడాదే, 2011లో, అక్కడి రెండు పెద్ద సైట్ల నుంచి సుమారు 3.5 కోట్ల మంది వివరాలు దొంగల చేతికి వెళ్లాయి. సొంత పేరుతోనే, సిగ్గుపడకుండా తిట్టేవాళ్లను మనం రోజూ చూస్తూనే ఉన్నాం.

అపోహ: తప్పు చేసేవాళ్లకే ముసుగు కావాలి.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. కొట్టే భర్త నుంచి తప్పించుకున్న ఆడమనిషికి, బయటికి చెప్పుకోలేని జబ్బు గురించి అడిగే కుర్రాడికి, ఆఫీసులో జరిగే అక్రమం బయటపెట్టే ఉద్యోగికి ఆ ముసుగే రక్షణ. మీరు అలాంటి స్థితిలో ఉంటే కొత్త ఈమెయిల్, ఇంకెక్కడా వాడని యూజర్‌నేమ్‌తో మొదలుపెట్టండి. కాంటాక్ట్స్ చూసే అనుమతి ఏ యాప్‌కూ ఇవ్వకండి. కెమెరాలో లొకేషన్ ఆపేశాకే ఫొటోలు తీయండి.