బరువులెత్తితే బొజ్జ కరుగుతుందా?

బొజ్జ తగ్గాలంటే పొట్ట వ్యాయామాలు చేయమని జిమ్‌లో ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. పడుకుని లేవడం రోజుకు వందసార్లు చేసినా పొట్ట కండరాలు గట్టిపడతాయి గానీ వాటి మీదున్న కొవ్వే ముందు కరగాలని రూలేం లేదు. కండరం రక్తంలో వచ్చే కొవ్వును కూడా వాడుకుంటుంది, ఆ రక్తంలోకి కొవ్వు ఒంట్లో ఎక్కణ్ణుంచైనా రావచ్చు.

మరి నడకా, బరువులా? అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు ఇదే తేల్చాలని, బరువు ఎక్కువుండి వ్యాయామం అలవాటు లేనివాళ్లను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి వారానికి దాదాపు 19 కిలోమీటర్ల నడకతోనో పరుగుతోనో సమానమైన ఆయాసం వచ్చే వ్యాయామం, రెండో జట్టుకి వారానికి మూడు రోజులు బరువులు, మూడో జట్టుకి రెండూ. ఎనిమిది నెలలు చేయించి 2012లో ఫలితాలు ప్రచురించారు. బరువులెత్తిన జట్టు బరువు తగ్గలేదు సరికదా, సగటున 0.8 కిలో పెరిగింది! పెరిగింది కొవ్వు కాదులెండి, కండ. కొవ్వు మాత్రం పావుకిలో తగ్గిందంతే. నడక, పరుగు జట్టులో కొవ్వు 1.7 కిలోలు పోయింది, రెండూ చేసినవాళ్లలో 2.4. చివరి రెండింటి మధ్య తేడా గట్టిగా చెప్పుకోదగ్గది కాదు, పైగా రెండూ చేయడానికి టైమ్ దాదాపు రెట్టింపు పట్టింది.

ఎనిమిది నెలలకి ఇంతేనా అనిపిస్తుంది. కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు మరి. 80 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 300 చిల్లర, ఇంటికొచ్చి రెండు పూరీలు, కాస్త బంగాళాదుంప కూర తింటే లెక్క సరి. తిండి సంగతి చూడకుండా వ్యాయామం ఒక్కదానితో పెద్దగా సన్నబడటం కష్టమే.

అయినా నడక దండగ కాదు. చర్మం కింద చేతికి దొరికే కొవ్వు వేరు, పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకునేది వేరు, షుగరుకీ గుండెజబ్బుకీ ఎక్కువ సంబంధం ఉన్నది రెండోదానికే. ఆ డ్యూక్ బృందమే 2011లో స్కానింగ్ చేసి చూస్తే, ఆయాసం వచ్చే వ్యాయామంతో ఈ లోపలి కొవ్వూ, కాలేయంలోని కొవ్వూ తగ్గాయి. బరువులతో చర్మం కింది కొవ్వు కొంత తగ్గింది గానీ లోపలిది చెప్పుకోదగ్గంతగా కదల్లేదు.

ఇది మనవాళ్లకి మరీ ముఖ్యం. పుణె డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో తమనే పోల్చి చూపించారు: ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 22.3, కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2!

నన్నడిగితే టైమ్ తక్కువున్నవాళ్లు ముందు నడక పట్టుకోవాలి, మోకాళ్లు నొప్పులంటే సైకిలో ఈతో. వీలైతే వారానికి రెండ్రోజులు బరువులు కలపండి, వయసుతో కండ కరిగిపోకుండా అదే కాపాడుతుంది. కొలతకి మాత్రం బరువు మిషన్ ఒక్కదాన్నే నమ్మకండి. మామూలుగా ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య టేపు పెట్టి చూడండి: భారతీయుల్లో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు.