వెయ్యి అడుగుల గీత ఎవరి గడప దగ్గర ఆగింది?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌ను ఆనుకుని రెంటన్ అనే ఊరుంది. బోయింగ్ 737 విమానాలు తయారయ్యేది అక్కడే. ఈ రోజు చాలా తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల కాపురం ఉంటున్నాయి. 1981 ఏప్రిల్‌లో, జనాభా 32 వేలున్న ఆ ఊరి నగర మండలి ఒక నిబంధన చేసింది. అశ్లీల చిత్రాల హాలు ఏదైనా సరే ఇళ్లకు, చర్చికి, పార్కుకు వెయ్యి అడుగుల లోపున, బడికి మైలు లోపున ఉండరాదు. విచిత్రమేమిటంటే అప్పటికి ఊళ్లో అలాంటి హాలు ఒక్కటి కూడా లేదు. మరుసటి ఏడాది ఒక సంస్థ అలాంటి చిత్రాలు ఆడించడానికి ఊరి నడిబొడ్డున రెండు పాత సినిమా హాళ్లు కొని, ఆ నిబంధనపై కోర్టుకెక్కింది. బడి విషయంలో పెట్టిన మైలు దూరాన్ని ఊరు తర్వాత వెయ్యి అడుగులకు తగ్గించుకుంది.

ఇంతకీ నిషేధించకుండా దూరం కొలవడం ఎందుకు? భావప్రకటన స్వేచ్ఛను కాపాడే అమెరికా మొదటి రాజ్యాంగ సవరణ అడ్డుగా ఉంది. 1973లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన మిల్లర్ తీర్పు అశ్లీలతకు మూడంచెల పరీక్ష పెట్టింది. దాని ప్రకారం ఒక్కో సినిమాను, ఒక్కో పుస్తకాన్ని విడిగా అశ్లీలమని కోర్టులో రుజువు చేయాలి. ఏ చిన్న ఊరికీ అంత ఓపిక, అంత డబ్బు ఉండవు. అందుకని ఊళ్లు భూపటాన్ని చేతిలోకి తీసుకున్నాయి. ఎక్కడ ఇళ్లుండాలో, ఎక్కడ ఫ్యాక్టరీలుండాలో నిర్ణయించే జోనింగ్ అధికారాన్ని సుప్రీంకోర్టు 1926లోనే, ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరి కేసులో ఆమోదించింది. సరైన వస్తువే తప్పుడు చోట ఉంటే పీడ అవుతుందని, పెరట్లో ఉండాల్సిన పంది నట్టింట్లో ఉన్నట్టని ఆ తీర్పు చెప్పింది.

డెట్రాయిట్‌కు 1962 నుంచే ఒక చట్టం ఉంది. బార్లు, తాకట్టు కొట్లు లాంటివి ఒకేచోట గుమిగూడితే పేట పాడవుతుందని, వాటిని చెల్లాచెదురు చేయడానికి పెట్టింది. 1972లో అశ్లీల చిత్రాల హాళ్లనూ, పుస్తకాల కొట్లనూ అందులో చేర్చారు. ఇలాంటివి రెండు ఉన్నచోట వెయ్యి అడుగుల లోపున మూడోది రాకూడదు, నివాస ప్రాంతానికి 500 అడుగుల లోపున అసలే రాకూడదు. 1976లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో దీన్ని సమర్థించింది. ఇలాంటి దృశ్యాలు చూసే హక్కు కోసం మన కొడుకులనూ కూతుళ్లనూ యుద్ధానికి పంపేవాళ్లు మనలో కొద్దిమందేనని జస్టిస్ స్టీవెన్స్ రాశారు. నాకు ఆ వాక్యం దగ్గరే బెంగ. ఒక మాట విలువ తక్కువని న్యాయమూర్తి తూకం వేస్తే, రేపు తక్కువ తూగేది ఎవరి మాట అవుతుంది?

బోస్టన్ ఇందుకు పూర్తిగా ఎదురు దారి పట్టింది. స్కాలే స్క్వేర్ అనే పాత వినోద కూడలిని 1960ల మొదట్లో కూల్చి, అక్కడ ప్రభుత్వ కార్యాలయాలు కట్టారు. అక్కడి వ్యాపారం మెల్లగా దిగువ వాషింగ్టన్ స్ట్రీట్‌కు చేరింది. పత్రికలు ఆ వీధికి కాంబాట్ జోన్ (యుద్ధరంగం) అని పేరుపెట్టాయి. 1974లో నగరం ఇదే అడల్ట్ వినోద ప్రాంతమని అధికారికంగా ప్రకటించింది. అంతా ఒక్కచోటే ఉంటే మిగతా ఊరు శుభ్రంగా ఉంటుందని, నిఘా తేలికవుతుందని లెక్క వేశారు.

కానీ ఆ చోటు చైనాటౌన్‌ను ఆనుకుని ఉంది. ఎక్స్‌ప్రెస్ రహదారుల కోసం, ఆసుపత్రి విస్తరణ కోసం అప్పటికే ఇళ్లూ నేలా పోగొట్టుకున్న పేట అది. 1976లో అక్కడ తెరిచిన క్విన్సీ ప్రాథమిక పాఠశాల ఉన్నది కూడా అదే వాషింగ్టన్ స్ట్రీట్‌లో, కాస్త దక్షిణంగా. నియాన్ దీపాల బోర్డులు వెలిగే వీధి, పుస్తకాలు పట్టుకుని పిల్లలు నడిచే వీధి ఒక్కటే. పేట జనం అభ్యంతరం చెప్పారు, సంఘటితమయ్యారు. సంపన్నుల వీధిలో ఈ గీత గీసేవాళ్లా అన్న ప్రశ్న వాళ్లది మాత్రమే కాదు, నాది కూడా. ఆ ఏడాది నవంబరులో హార్వర్డ్ ఫుట్‌బాల్ జట్టులోని ఒక విద్యార్థి అక్కడ కత్తిపోటుకు గురై, నెల రోజుల తర్వాత కన్నుమూశాడు. నగరం పట్టు బిగించింది. 1980లలో వీడియో క్యాసెట్లూ పెరిగిన స్థలాల ధరలూ మిగిలిన పని పూర్తి చేశాయి.

రెంటన్ కేసు సుప్రీంకోర్టులో 1986 ఫిబ్రవరిలో తేలింది. 7–2తో ఊరు గెలిచింది. ఊరు సినిమాలోని విషయాన్ని కాదు, ఆ హాలు చుట్టూ పెరిగే నేరాలను, పడిపోయే ఇళ్ల ధరలను, చెడే పేట వాతావరణాన్ని అదుపు చేస్తోందని జస్టిస్ రెన్‌క్విస్ట్ రాశారు. అందుకు రెంటన్ సొంతంగా అధ్యయనం చేయనక్కర్లేదు, సియాటిల్ అనుభవం చాలన్నారు. వ్యాపారానికి ఊళ్లో 520 ఎకరాలు మిగిలే ఉన్నాయి కదా అని కూడా అన్నారు. ఆ 520 ఎకరాల్లో చాలా భాగం అప్పటికే నిండి ఉంది: మురుగునీటి శుద్ధి కేంద్రం, గుర్రప్పందేల మైదానం, గోదాములు, ఒక చమురు కంపెనీ ట్యాంకులు, ఖాళీ లేని షాపింగ్ సెంటర్. స్థలం దొరకడం దొరక్కపోవడం మార్కెట్ చూసుకోవాల్సిన విషయమని కోర్టు వదిలేసింది. పిల్లల దారిలో ఇలాంటి హాలు వద్దనుకున్న తల్లిదండ్రుల పక్షాన నేను నిలబడతాను. కానీ లేని స్థలాన్ని ఉందని చూపించడం నాకు మింగుడుపడదు.

న్యూయార్క్ 1995లో ఇలాంటి కొలతే పెట్టింది: నివాస ప్రాంతాలకు, బడులకు, ప్రార్థనాలయాలకు 500 అడుగులు. కొట్లో ఎంత భాగం అశ్లీల సరుకు ఉంటే అది అడల్ట్ కొట్టు అవుతుందన్న వాదన రాష్ట్ర కోర్టుల్లో 2017 దాకా నడిచింది. టైమ్స్ స్క్వేర్ కుటుంబాలు తిరిగే కూడలిగా మారింది. అక్కడ చోటు లేని రకం కొట్లు బ్రూక్లిన్‌లోని సన్‌సెట్ పార్క్‌లో, గోవానస్ ఎక్స్‌ప్రెస్‌వే నీడన సాగే థర్డ్ అవెన్యూ వెంట కనిపించసాగాయి. అది లాటిన్ అమెరికన్, చైనీస్ వలస కుటుంబాల పేట. ఆ వంతెన కింద నుంచే వాళ్ల పిల్లలు రోడ్డు దాటుతారు.