మార్కులు దాటి పేపరు చదివినప్పుడు: అమెరికా హైస్కూళ్లలో రాత పరీక్షల కథ

పిల్లలకు రాయడం రాదన్న ఫిర్యాదు అమెరికాలో నూట యాభై ఏళ్లుగా వినిపిస్తోంది. ఫిర్యాదు లేచిన ప్రతిసారీ ఒక కొత్త పరీక్ష పుట్టింది. ఆ పరీక్షల ఫలితాలు క్లాసురూములో పాఠం చెప్పే తీరును మార్చాయా అన్నది మాత్రం వేరే సంగతి. అలా మార్చిన సందర్భాలు కొన్నే ఉన్నాయి. వాటిని దగ్గరగా చూస్తే అన్నిటిలో కనిపించేది ఒకటే: టీచర్లు మార్కుల పట్టిక దగ్గర ఆగిపోకుండా, పిల్లలు రాసిన కాగితాలను ముందేసుకుని కూర్చున్నారు.

1845లో బోస్టన్‌లో హొరేస్ మాన్, శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ వంటి సంస్కర్తల చొరవతో, అప్పటిదాకా నోటితో అడిగే వార్షిక పరీక్షల స్థానంలో అచ్చు వేసిన ప్రశ్నపత్రం వచ్చింది. ఐదు వందల పైచిలుకు పిల్లలు రాశారు. ఫలితాలు ఘోరంగా వచ్చాయి. పాఠం ఎలా మార్చాలన్న చర్చ కంటే ఏ మాస్టారిని తప్పించాలన్న చర్చే ముందుకొచ్చింది. ఫలితాలను బడిపంతులి మీద కర్రగా వాడే అలవాటు అక్కడే మొదలైందని చెప్పొచ్చు.

హార్వర్డ్ 1870లలో ప్రవేశ పరీక్షలో ఇంగ్లిష్ వ్యాసం చేర్చింది. దేశంలో పేరున్న బడుల నుంచి వచ్చిన కుర్రాళ్లలోనే చాలామంది తప్పారు. 1892లో యూనివర్సిటీ వేసిన కమిటీ కొత్త విద్యార్థుల రాతలను పోగుచేసి, తప్పంతా హైస్కూళ్లదేనని రిపోర్టు ఇచ్చింది. కమిటీ సభ్యులు పేపర్లు చదివారు, నిజమే. కానీ వాళ్లు నేరం రుజువు చేయడానికి చదివారు. ఆ కుర్రాడి వాక్యం ఎక్కడ తెగిపోయింది, ఎందుకు తెగిపోయింది అని చూడాల్సిన హైస్కూలు టీచరు ఆ గదిలో లేడు.

తర్వాతి సమస్య దిద్దేవాళ్లది. 1961లో ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ పరిశోధకుడు పాల్ డీడెరిక్, తన సహచరులతో కలిసి కాలేజీ మొదటి ఏడాది పిల్లలు రాసిన 300 వ్యాసాలను 53 మందికి ఇచ్చి దిద్దించారు. వాళ్లలో ఇంగ్లిష్ లెక్చరర్లు, సైన్స్ అధ్యాపకులు, ఎడిటర్లు, లాయర్లు, వ్యాపారస్తులు ఉన్నారు. తొమ్మిది గ్రేడులు పెట్టుకోమంటే, 300లో 101 వ్యాసాలకు ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని గ్రేడులూ పడ్డాయి! కనీసం ఐదు రకాల గ్రేడులు పడని వ్యాసం ఒక్కటీ లేదు. ఒకరు ఆలోచన చూశారు, ఒకరు స్పెల్లింగ్ చూశారు, ఇంకొకరు విషయాన్ని అమర్చిన తీరు చూశారు. ఈ తేడాను తగ్గించడానికే ఉమ్మడి ప్రమాణాలు, నమూనా పేపర్లు, ఇద్దరితో దిద్దించడం లాంటి పద్ధతులు స్థిరపడ్డాయి. వీటితో మార్కులు నమ్మదగ్గవయ్యాయి. అయితే ఆ క్రమంలో ఒక పిల్లవాడి నాలుగు పేజీల రాత ఒక్క అంకెగా మిగిలింది. ‘ఆరుకు మూడు’ అని చూసిన టీచరు సోమవారం పొద్దున ఏ పాఠం చెప్పాలి? ఆ అంకె ఏమీ చెప్పదు.

1975 డిసెంబర్‌లో న్యూస్‌వీక్ పత్రిక పిల్లలకు రాయడం రావడం లేదంటూ ముఖపత్ర కథనం వేయడంతో దేశమంతా గగ్గోలు రేగింది. అంతకు ఏడాది ముందే, 1974లో, కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ క్యాంపస్‌లో జేమ్స్ గ్రే అనే అధ్యాపకుడు బే ఏరియా రైటింగ్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. బర్కిలీలో చేరుతున్న కొత్త విద్యార్థుల్లో పెద్ద భాగం రాత పరీక్షలో నిలవలేక అదనపు కోర్సుకు వెళ్లాల్సి వస్తుండేది. గ్రే హైస్కూళ్లను తిట్టలేదు. మంచి టీచర్లను వేసవిలో పిలిచి, తమ క్లాసులో ఏది పనిచేసిందో తోటి టీచర్లకు చెప్పమన్నారు, వాళ్లతోనూ రాయించారు. తర్వాత అది నేషనల్ రైటింగ్ ప్రాజెక్ట్‌గా దేశమంతా పాకింది.

కెంటకీ కథ ఇంకా లోతుగా చూడాల్సింది. 1990 విద్యా సంస్కరణ చట్టం తర్వాత ఆ రాష్ట్రం ఒక్కరోజు వ్యాసం మీద ఆధారపడకుండా, పిల్లలు ఏడాది పొడవునా రాసి తిరగరాసిన రచనల సంపుటిని లెక్కలోకి తీసుకుంది. దిద్దింది సొంత స్కూలు టీచర్లే. శిక్షణలో పక్కపక్కన కూర్చుని ఒకే పేపరు చదివి, ఇది ఏ స్థాయి, ఎందుకని వాదించుకోవాల్సి వచ్చేది. ఆ వాదనే అసలైన శిక్షణ అని నా నమ్మకం. కానీ అవే మార్కులను స్కూలు ర్యాంకుకు ముడిపెట్టారు. దాంతో టెన్షన్ మొదలైంది. మార్కు తెచ్చే మూస రచనలు, పిల్లవాడి రాతలో టీచరు చెయ్యి ఎంత అన్న అనుమానాలు, దిద్దే భారం మీద ఫిర్యాదులు పెరిగాయి. 2009లో శాసనసభ ఈ సంపుటాలను జవాబుదారీ లెక్కల నుంచి తీసేసింది. మంచి పనికి అక్కర్లేని బరువు కట్టి ముంచేశారు.

అమెరికాలో కాలేజీ ప్రవేశాల కోసం రాసే శాట్ పరీక్షలోని వ్యాసం మన ఇళ్లలోనూ తెలిసిన కథే. అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో దాని కోసం కోచింగుకు వెళ్లారు. 2005లో వచ్చిన ఆ వ్యాసానికి 25 నిమిషాలు. ఎంఐటీలో రాత బోధించిన లెస్ పెరెల్మన్, శాట్ నిర్వహించే కాలేజీ బోర్డు విడుదల చేసిన నమూనాలను పరిశీలించి, పొడుగ్గా రాస్తే ఎక్కువ మార్కు పడుతోందని చూపించారు. కోచింగ్ సెంటర్లు అదే నేర్పాయి. 2016లో అది ఐచ్ఛికమైంది, 2021లో పోయింది. ఈలోగా 2011లో పిల్లల రాత మీద దేశవ్యాప్తంగా జరిగిన అంచనాలో 12వ తరగతి పిల్లల్లో ‘ప్రొఫిషియంట్’ (బాగా వచ్చు అనదగ్గ) స్థాయిని గానీ, అంతకు మించి గానీ అందుకున్నవాళ్లు 27 శాతమే.

ఇదే కాలంలో న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలాండ్‌లోని న్యూ డార్ప్ హైస్కూలు వేరే దారి పట్టింది. రీజెంట్స్ అనే, హైస్కూలు పిల్లలకు రాష్ట్రం పెట్టే పరీక్షల్లో అక్కడివాళ్లు వరుసగా తప్పుతున్నారు. ప్రిన్సిపల్ డియర్డ్రె డీయాంజెలిస్, టీచర్లు కారణం వెతకడానికి పిల్లల రాతలే తీశారు. చదవడం వచ్చిన పిల్లలు కూడా వ్యాసం దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు? బాగా రాసేవాళ్ల వాక్యాలనూ, రాయలేనివాళ్ల వాక్యాలనూ పక్కపక్కన పెడితే తేడా ఊహించనంత చిన్నచోట దొరికింది. రెండు ఆలోచనలను కలిపే మాటలు రెండో గుంపులో లేవు. ‘ఆల్‌దో’ (అయినప్పటికీ) అని మొదలుపెట్టి తాము చదివిన నవల మీద ఒక వాక్యం రాయమంటే, చాలామంది ‘ఆల్‌దో’ తర్వాత ఆ ఇద్దరూ స్నేహితులు అని రాసి చుక్క పెట్టేశారు. స్నేహితులైనా ఏం జరిగింది? ఆ రెండో సగం రావాలన్న సంగతే వాళ్లకు తెలియదు. ఎవరూ నేర్పలేదు మరి.

ఆ స్కూలు, రాతను వాక్యం దగ్గర నుంచి నేర్పించే విద్యావేత్త జూడిత్ హాక్‌మన్ పద్ధతిని తీసుకుని ఒక్క ఇంగ్లిష్ క్లాసులోనే కాకుండా చరిత్రలో, కెమిస్ట్రీలో కూడా వాక్యం నిర్మించడం నేర్పింది. హైడ్రోజన్, ఆక్సిజన్ గురించి చదివాక ‘ఆల్‌దో’తో ఒక వాక్యం, ‘అన్‌లెస్’ (అలా కాకపోతే తప్ప)తో ఒక వాక్యం రాయాలి. అలా రాయాలంటే పాఠం అర్థమై తీరాలి. ఇంగ్లిష్ రీజెంట్స్‌లో ఉత్తీర్ణత 2009లో 67 శాతం, 2011లో 89 శాతం. ప్రపంచ చరిత్రలో 64 నుంచి 75కు పెరిగింది. ఆ స్కూల్లో వేరే ప్రయత్నాలూ జరిగాయి కాబట్టి ఘనతంతా దీనికే కట్టబెట్టలేం. అయినా ఏ అంకె పట్టికలోనూ కనిపించని లోపం టీచర్ల కంటికి దొరికింది, అదీ ముఖ్యం.

ఇప్పుడు టెక్సస్‌లో రాష్ట్ర పరీక్షల్లోని రాత జవాబులను ముందుగా కంప్యూటరే దిద్దుతోంది, దాదాపు నాలుగో వంతు మాత్రమే మనుషుల దగ్గరికి వెళ్తాయి. ఖర్చు తగ్గుతుంది, నిజమే. పేపరు చదివే టీచర్లూ తగ్గుతారు.

మన పదో తరగతి సంగతీ ఈ కోవలోదే. లేఖ, వ్యాసం, సొంతమాటల్లో జవాబు అన్నీ ఉంటాయి. పేపర్లు స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్తాయి, ఫలితాలు వచ్చేసరికి పిల్లలు బడి దాటిపోతారు. పాఠం చెప్పిన టీచరు చేతికి మార్కులు, ఉత్తీర్ణత శాతం వస్తాయి తప్ప పేపరు రాదు. 2021 దాకా జాతీయ స్థాయిలో పిల్లల చదువును కొలిచిన నాస్ (నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే)లో పిల్లలు ఒక్క వాక్యం కూడా రాయక్కర్లేకపోయింది, జవాబు గుర్తిస్తే సరిపోయేది. స్పాట్‌లో కూర్చున్న తెలుగు టీచరు రోజుకు పదుల కొద్దీ పేపర్లు చదువుతారు. లేఖ ఎక్కడ తడబడుతోందో, ఏ వాక్యం సగంలో ఆగిపోతోందో, గైడులోంచి బట్టీపట్టిన పేరా ఏదో వారం తిరిగేసరికి ఆమెకు తెలిసిపోతుంది. శిబిరం ముగిసే రోజున అలాంటి టీచర్లందరి దగ్గరా, తాము చూసిన తప్పుల మీద తలా ఒక పేజీ రాయించి, జూన్‌లో బడి తెరిచేలోపు జిల్లాలోని ప్రతి హైస్కూలుకూ పంపాలి. దీనికి కొత్త పరీక్ష ఏదీ అక్కర్లేదు.