పసికందు వాపు: ఒక్క మాట, పలు కోడ్‌లు

హైటెక్ సిటీలోనో గచ్చిబౌలిలోనో కూర్చుని అమెరికా ఆసుపత్రుల చార్టులు (రోగుల వైద్య రికార్డులు) చదివి, అందులోని జబ్బులకు కోడ్‌లు వేసే కోడర్‌ను ఎక్కువగా ఆపేసే వాక్యం, ‘బిడ్డ తల మీద వాపు ఉంది’ అన్నంత చిన్నది. ఆ వాపు పుర్రె ఎముకల అతుకును దాటిందా, కాన్పులో బిడ్డ తలను పట్టి లాగే వాక్యూమ్ కప్పు వాడారా, లోపల ఉన్నది నీరా నెత్తురా అన్నది డాక్టర్ రాయకపోతే సరైన కోడ్ దొరకదు. ఇంత సూక్ష్మమైన తేడాలను కోడ్‌లు అడిగే స్థితి ఒక్కరోజులో రాలేదు.

ఈ కోడ్‌లకు మూలం అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ (ఐసీడీ). 1893లో ఫ్రెంచ్ గణాంకవేత్త జాక్ బెర్టిలాన్ రూపొందించిన దాని తొలి జాబితా మరణ కారణాలను లెక్కించడానికే పుట్టింది. 1948లో ఆరో సవరణతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ బాధ్యత తీసుకున్నాక జబ్బులకూ అందులో చోటు దక్కింది. అమెరికా తన అవసరాలకు మార్చుకుని వాడిన తొమ్మిదో సవరణలో పుట్టుకలో నెత్తికి తగిలే గాయాలన్నిటికీ చాలాకాలం 767.1 ఒక్కటే ఉండేది. రెండు మూడు రోజుల్లో దానంతట అదే తగ్గే కాపుట్ వాపు (కాన్పు ఒత్తిడికి నెత్తి చర్మంలో నీరు చేరడం), ప్రాణం మీదికి తెచ్చే సబ్‌గేలియల్ రక్తస్రావం (నెత్తి చర్మం కింది పొరలోకి నెత్తురు కారడం) ఒకే అంకె కింద చేరేవి. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే నెత్తురు మొత్తం పావు లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. నెత్తి చర్మం కింది ఆ పొరలో అడ్డుగోడలు లేనందువల్ల అందులో పెద్ద భాగం అక్కడికే చేరిపోగలదు. ఈ రెంటినీ ఒకే గంపలో వేయడం నా దృష్టిలో పెద్ద లోపమే. 2003 అక్టోబరులో ఆ రక్తస్రావానికి 767.11 ఇచ్చి, మిగిలినవాటిని 767.19 కింద ఉంచారు.

2015 అక్టోబరు 1న అమెరికా పదో సవరణకు మారినప్పుడు మిగిలినవి కూడా విడిపోయాయి. ఎముక పొర కింద నెత్తురు చేరి అతుకు దగ్గర ఆగిపోయే సెఫాల్‌హెమటోమాకు పి12.0, వాక్యూమ్ కప్పు వల్ల వచ్చే చిగ్నాన్‌కు పి12.1, సబ్‌గేలియల్ రక్తస్రావానికి పి12.2, అతుకులను దాటి వ్యాపించే కాపుట్‌కు పి12.81 వచ్చాయి. ఒంటికి నీరు పట్టడాన్ని సూచించే పాత 778.5 స్థానంలో వివరం లేనప్పుడు పి83.30, ఉన్నప్పుడు పి83.39 వాడతారు. ఒంట్లో పలుచోట్ల నీరు చేరే హైడ్రాప్స్ అయితే, తల్లీబిడ్డల రక్తం సరిపడకపోవడం లాంటి కారణాలతో ఎర్ర రక్తకణాలు విరిగిపోయే జబ్బు వల్ల వచ్చినది పి56 కింద, ఆ జబ్బు వల్ల కానిది పి83.2 కింద చేరుతుంది. అమీర్‌పేట శిక్షణ తరగతుల్లో కొత్తగా చేరినవారు ‘ఎడీమా’ (నీరు పట్టిన వాపు) అన్న మాట కనబడగానే మామూలు వాపు కోడ్ ఆర్60 వైపు వెళ్తారు, కానీ నవజాత శిశువు వాపును ఆ కోడ్ కింద వేయకూడదని కోడ్‌ల పుస్తకంలోనే స్పష్టంగా ఉంది.

కోడ్‌లు ఇంతగా విడిపోయినా చార్టులో రాత మాత్రం అదే ఒక్క మాట దగ్గర ఆగిపోతుండటమే అసలు చిక్కు. చార్టులో లేని రోగనిర్ధారణను కోడర్ ఊహించి వేయకూడదు. వాక్యూమ్ వాడినట్టు కాన్పు నోట్‌లో కనబడినంత మాత్రాన చిగ్నాన్ అని తేల్చే అధికారం కోడర్‌కు లేదు. పైగా కోడ్ వేయాలంటే ఆ వాపును డాక్టర్ పరీక్షించడం, చికిత్స చేయడం, ప్రత్యేకంగా గమనించమనడం, మున్ముందు అవసరమయ్యే వైద్యం గురించి చెప్పడం లాంటిదేదో చార్టులో ఉండాలి. అందుకే డాక్టర్‌కు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపాలి, అదీ జవాబును ముందే సూచించని విధంగా ఉండాలి. ‘ఎడమ పెరైటల్ ఎముక మీద, అతుకు దాటలేదు, సెఫాల్‌హెమటోమా, కామెర్ల కోసం బిలిరుబిన్ చూడాలి’ అని డాక్టర్ తిరిగి రాస్తే పి12.0 ఖాయమవుతుంది, చేరిన నెత్తురు విరిగేకొద్దీ కామెర్లు తెచ్చే బిలిరుబిన్ పెరిగే అవకాశం ఉన్నందున, ఆ పరీక్ష ఎందుకు చేయించారో కూడా చార్టే చెబుతుంది.